భరత్‌పూర్ కొంగలూ ఘజనీ సరస్సూ

ఉక్రెయిన్‌పై దాడి తర్వాత, 2022 మార్చి 3న, ఉత్తర ధ్రువ ప్రాంత దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లోని మిగతా ఏడు దేశాలు రష్యాతో కూర్చోవడం మానేశాయి. 2023 జూన్‌లో రష్యా తన వంతుగా వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను ‘అవాంఛనీయ సంస్థ’గా ప్రకటించింది. రష్యన్ జీవశాస్త్రవేత్తలతో పని కొనసాగించాలా, తెగతెంపులు చేసుకోవాలా అన్న పంచాయితీ అప్పటి నుంచీ తెగడం లేదు. ఇలాంటి చోట ఏం జరుగుతుందో చెప్పే పాత ఉదాహరణ మన దేశంలోనే ఉంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు చలికాలంలో రావడం మానేసిన సైబీరియా కొంగ (సైబీరియన్ క్రేన్) అది. (తేలినీలాపురంలో మనం ‘సైబీరియా పక్షులు’ అనేవి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. వాటికీ దీనికీ సంబంధం లేదు.)

1964-65 చలికాలంలో భరత్‌పూర్‌లో లెక్కకు దొరికినవి 200. చివరి జంట కనిపించింది 2001-02లో.

అమెరికా, సోవియట్ యూనియన్ల వైరం వల్ల ఈ పక్షి పని ఆగలేదు. పర్యావరణ సహకారంపై రెండు దేశాలూ 1972 మేలో ఒప్పందం చేసుకున్నాయి. 1977లో సైబీరియా గూళ్ళ నుంచి తీసిన గుడ్లు విస్కాన్సిన్‌లోని అంతర్జాతీయ క్రేన్ ఫౌండేషన్‌కు చేరాయి. ఈ కొంగ రెండు గుడ్లు పెడుతుంది, సాధారణంగా ఒక పిల్లే బతుకుతుంది. అందుకే గూటికి ఒక గుడ్డు తీసినా అడవిలోని మందకు పెద్దగా లోటు రాదు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే ఆ గుడ్లు సముద్రాలు దాటాయి.

దెబ్బ పడింది దారి మధ్యలో. ఘజనీ దగ్గరి ఆబ్-ఎ-ఇస్తాదా లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు. ఆ పేరుకు నిలిచిన నీరు అని అర్థం. సైబీరియాకూ భరత్‌పూర్‌కూ మధ్య కొంగలు దిగి సేదతీరే మజిలీ అది. దాన్ని నీటిపక్షుల అభయారణ్యంగా ప్రకటించిన రెండేళ్ళకే, 1979 డిసెంబరులో, సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో అడుగుపెట్టింది. గుడ్లు పంపిన దేశమే ఆ పక్షుల మజిలీని యుద్ధభూమి చేసింది. కాపలా పోయింది, లెక్కలు పోయాయి, ఊరూరా తుపాకులు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం బృందం 2002లో వెళ్ళేసరికి కరవుతో సరస్సు అడుగంటింది. ఆఫ్ఘనిస్తాన్‌లో సైబీరియా కొంగ చివరిసారి కనిపించింది 1986లో అని ఆ బృందం నమోదు చేసింది.

సరిహద్దుకు ఇవతల, పాకిస్తాన్‌లోని కుర్రం లోయలో, వేటగాళ్ళు పెంపుడు కొంగలను రాత్రిపూట మైదానంలో కట్టేస్తారు. వాటి పిలుపు విని పైన పోయే గుంపు కిందికి దిగుతుంది. సీసపు గుండు కట్టిన పొడవాటి తాడును గాల్లోకి విసిరితే కాళ్ళకో రెక్కలకో చుట్టుకుంటుంది. ఈ వేట యుద్ధానికి ముందూ ఉంది. కానీ కొన్ని పదుల పక్షులే మిగిలిన మందకు అలా పోయే ప్రతి కొంగా భారీ నష్టమే.

అసలు తప్పు భరత్‌పూర్‌దేనన్న వాదన కూడా ఉంది. 1982లో గేదెల మేత నిషేధించాక పాస్పాలం గడ్డి నీటిని కమ్మేసింది, కొంగలు తవ్వుకుతినే దుంపలు అందకుండా పోయాయి. గడ్డి సంగతి నిజమే. కాకపోతే యుద్ధానికి ముందే, గేదెలు ఇంకా మేస్తున్నప్పుడే, భరత్‌పూర్ లెక్క వందలోపుకు పడిపోయింది. ఆ తగ్గుదలను గడ్డి ఖాతాలో వేయలేం.

బోనులో పుట్టిన పిల్లలను వదిలితే సరిపోదా అంటే, దారి చూపాల్సింది తల్లిదండ్రులే. దారి తెలిసిన ముసలి కొంగలు పోయాక, ఎన్ని పిల్లలను వదిలినా దక్షిణానికి నడిపించేవారు లేరు.

ఉక్రెయిన్ వాదనకూ బలముంది. ఖెర్సన్ ప్రాంతంలోని అస్కానియా-నోవా అభయారణ్యం 2022 నుంచి రష్యా చేతిలో ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్ళతో కలిసి కూర్చోలేమని ఉక్రెయిన్ వాళ్ళు అంటారు. మరోవైపు, వలస జీవుల బోన్ ఒప్పందంలో రష్యా సభ్యదేశం కాదు. అయినా 1993లో దాని కింద తయారైన సైబీరియా కొంగల అవగాహన పత్రంపై సంతకం పెట్టింది. ఆ పత్రం ఇంకా ఉంది.

గుడ్లు పంపే పని మాత్రం కష్టమైంది. గుడ్డు పొదగడానికి పట్టేది దాదాపు 29 రోజులు. ఆ గడువులో ఎగుమతికీ దిగుమతికీ విడివిడిగా సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు రావాలి. 2022 ఫిబ్రవరి చివరి నుంచి రష్యా, యూరోపియన్ యూనియన్ల మధ్య నేరు విమానాలు లేవు. రష్యాలోని ఓకా కొంగల సంతానోత్పత్తి కేంద్రం నుంచి గుడ్డు ఐరోపాకు చేరాలంటే మూడో దేశం మీదుగా తిప్పాలి. అన్ని గంటలూ పెట్టె లోపల వేడి 37.5 డిగ్రీల దగ్గరే నిలవాలి.