సగానికి విరిచిన బ్లేడు

సెలూన్‌లో కుర్చీ వెనక్కి వాల్చి, మెడ చుట్టూ తుండు కట్టాక నేను శ్రద్ధగా వినే చప్పుడు ఒకటుంది. క్షురకుడు కొత్త బ్లేడును కాగితం విప్పకుండానే నిలువునా మడిచి వేళ్ళతో నొక్కుతాడు. ‘టిక్’మని అది రెండు ముక్కలవుతుంది. ఒక సగాన్ని మడత కత్తి లాంటి పిడిలో బిగించి గడ్డం మీదికి వస్తాడు.

ఆ చప్పుడులోనే బ్లేడు స్వభావమంతా ఉంది. ఇనుప తీగను వంచితే వంకరగా ఉండిపోతుంది. బ్లేడు అలా కాదు. కొద్దిగా వంచి వదిలితే మళ్ళీ చదునుగా అవుతుంది, హద్దు దాటితే పుటుక్కున విరుగుతుంది. ఎర్రగా కాల్చిన ఉక్కును ఒక్కసారిగా చల్లార్చినప్పుడు కార్బన్ పరమాణువులు ఇనుము అమరికలో ఇరుక్కుపోతాయి. దాంతో లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి సులువుగా జారలేవు. గట్టిదనమంటే అదే, పెళుసుదనానికి కారణమూ అదే. పాతకాలపు మంగలి కత్తికీ, రెండంచుల బ్లేడుకూ ప్రాణం ఈ గట్టి ఉక్కే. తేడా అంతా ఆ ఉక్కును ఎలా నిలబెట్టారన్న దానిలో ఉంది.

మంగలి కత్తిని నేను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా గమనించింది దాని బరువైన వెన్ను. అక్కడి నుంచి రెండు పక్కలా లోపలికి గుంటలా చెక్కుకుంటూ పోయి వాదర దగ్గర కంటికి కనిపించనంత సన్నగా ముగిస్తారు. సానరాయి మీద పడుకోబెడితే వెన్నూ వాదరా రెండూ రాతికి ఆనుతాయి. కాబట్టి ఏ కోణంలో నూరాలో మనిషి లెక్క వేయనక్కర్లేదు. వెన్ను మందం, రేకు వెడల్పు కలిసి ఆ కోణాన్ని ముందే తేల్చేశాయి. వెన్ను 4.5 మిల్లీమీటర్లు, వెడల్పు 16 మిల్లీమీటర్లు ఉంటే వాదర కోణం సుమారు 16 డిగ్రీలు. నూరేకొద్దీ వాదరతో పాటు వెన్ను కూడా అరుగుతుంది గనుక ఏళ్ళు గడిచినా కోణం పెద్దగా మారదు. పనిముట్లలో ఇంత తెలివైన ఏర్పాటు నాకు చాలా తక్కువగా కనిపించింది.

సాన వేరు, తోలుపట్టీ వేరు. రాయి లోహాన్ని అరగదీసి కొత్త వాదరను పుట్టిస్తుంది. తోలుపట్టీ అయితే గీసినప్పుడు పక్కకు ఒరిగిన అతి సన్నని అంచును మళ్ళీ నిటారుగా సర్దుతుంది. రాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది. ఇది తారుమారైతే తోలు తెగిపోతుంది.

చర్మం తెగకుండా అడ్డం పెట్టే ఆలోచన రెండంచుల బ్లేడును తెచ్చిన జిల్లెట్‌ది కాదు. 1880లోనే అమెరికాలో కాంఫే సోదరులు అలాంటి రేజర్ చేశారు. కానీ అందులోని బ్లేడు మందంగా ఉండేది, దాన్నీ నూరుకోవలసిందే. కింగ్ క్యాంప్ జిల్లెట్ కోరుకున్నది నూరే పనే లేని పలుచని రేకు. అంత పలుచని ఉక్కును మెలిక పడకుండా గట్టిపరచడం ఎలాగన్నదే చిక్కు. దాన్ని విప్పినవాడు ఇంజనీరు విలియం నికర్సన్. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. పేటెంటు 1904లో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం చివరికి అమెరికా సైనికుల కోసం ఆ కంపెనీ లక్షల సంఖ్యలో రేజర్లు అందించింది.

మిల్లీమీటరులో పదోవంతు మందమున్న రేకు గడ్డాన్ని ఎలా తట్టుకుంటుంది? ఒక కాగితాన్ని ఒక కొసన పట్టుకోండి, వాలిపోతుంది. దాన్నే దోనెలా కాస్త వంచి పట్టుకోండి, నిటారుగా నిలుస్తుంది. రేజర్ మరను బిగించినప్పుడు పైమూత బ్లేడును సరిగ్గా ఇలాగే వంచుతుంది. కింది దువ్వెన లాంటి అంచు చర్మాన్ని చదును చేస్తూ, వాదర ఎంతమేర బయటికి రావాలో నియంత్రిస్తుంది. మంగలి కత్తితో గీసేటప్పుడు ఎడమచేయి చర్మాన్ని బిగించి లాగుతుంది, కుడిచేయి కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో నిలుపుతుంది. ఆ రెండు చేతుల నేర్పులో చాలా భాగాన్ని రేజర్ తల తనలోకి తీసుకుంది. పిడిని మరీ పైకెత్తినా, గట్టిగా అదిమినా మాత్రం అదీ కోస్తుంది. రేజర్ బరువే చాలు, చేతి బలం అక్కర్లేదు.

ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక ఉక్కును ఎలా మొండిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరికింది 2020లో. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జాన్‌లూకా రోషోలి అనే పరిశోధక విద్యార్థి తన గడ్డమే గీసుకుని, బ్లేడును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశాడు. తరువాత ఆ సూక్ష్మదర్శిని లోపలే వెంట్రుకలను కోసే చిన్న పరికరాన్ని అమర్చాడు. అంచు గుండ్రంగా అరిగిపోతుందని అందరూ అనుకునేవారు. కనిపించింది వేరు. అంచు అక్కడక్కడ పెళ్ళలుగా ఊడుతోంది. బ్లేడుకు నిలువుగా నిలిచిన వెంట్రుక దానికి హాని చేయలేదు. ఒరిగిన వెంట్రుక, ఉక్కు అమరిక సమంగా లేని చోట అంచుకు తగిలితే అక్కడ పెళ్ళ లేచింది.

వెంట్రుక ఎంత మెత్తబడితే కోయడానికి అంత తక్కువ బలం చాలు. అందుకే గోరువెచ్చని నీళ్ళు. వెంట్రుకకు గట్టిదనమిచ్చే కెరాటిన్ అనే ప్రోటీన్‌లోని హైడ్రోజన్ బంధాలను నీరు సడలిస్తుంది, అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. నా దృష్టిలో ఖరీదైన రేజర్ కన్నా ఈ నిమిషాలే విలువైనవి.

ఇక ఆ సగం బ్లేడు సంగతి. సెలూన్‌లో మనం చూసేది ఈ రెండింటి కలయిక. పిడి, వాలు, చేతి నేర్పు మంగలి కత్తివి. వాదర మాత్రం జిల్లెట్ ఆలోచన. అడ్డం లేదు, బరువైన వెన్నూ లేదు కాబట్టి చేయి మరింత తేలికగా ఆడాలి. ఈ మార్పును నేను మనసారా సమర్థిస్తాను. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతకగలదు. తోలుపట్టీ వాదరను సర్దుతుందే తప్ప వైరస్‌ను చంపదు. తిరుమల కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడును కూడా భక్తుడి చేతికే ఇవ్వడం ఈ కారణంగా నాకెంతో నచ్చిన ఏర్పాటు.

ఇంట్లో నేను వాడేది రెండంచుల రేజరే. మొదట వెంట్రుక వాలు వెంట, మళ్ళీ నురగ రాసి అడ్డంగా గీస్తాను. వారానికో బ్లేడు. వాడినదాన్ని చెత్తబుట్టలో వేయను. ఆ చెత్తను ఏరేవి మనిషి చేతులు. ఒక పాలపొడి డబ్బా మూతకు సన్నని చీలిక పెట్టి అందులో జారవిడుస్తాను. ఆరేళ్ళయింది, డబ్బా ఇంకా సగం కూడా నిండలేదు.