సెంట్రింగ్ లేకుండా లేచే ఇల్లు

గుమ్మటం ఇల్లు కడుతుంటే చూసేవాళ్లకే ఎక్కువ టెన్షన్. వరుస మీద వరుస లేచేకొద్దీ గోడ లోపలికి వంగుతూ ఉంటుంది. కింద సెంట్రింగ్ లేదు, లోపల ఇనుప ఊచలు లేవు, పైన ఇంకా మూత పడలేదు. ఈ స్థితిలో పని ఆపేస్తే మొత్తం లోపలికి కూలిపోదా?

కూలదు. వంగిన వరుసలో ప్రతి ముక్కా లోపలికి జారాలనే చూస్తుంది. కానీ పక్క ముక్క కూడా అదే ప్రయత్నంలో ఉంటుంది. అన్నీ ఒకేసారి లోపలికి రావాలంటే ఆ చుట్టు చిన్నదవ్వాలి, చిన్నదవడానికి చోటు లేదు. దాంతో ఒకదాన్నొకటి నొక్కుకుని బిగుసుకుపోతాయి. కాబట్టి చుట్టు పూర్తయిన ప్రతిసారీ అది పూర్తయిన కట్టడమే. నమ్మకూడనిది సగంలో ఆగిన వరుసను. రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన ఆలయపు గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. దాని నడినెత్తిన సుమారు 8.7 మీటర్ల రంధ్రం అలాగే వదిలేశారు. ఆ మూత లేకుండానే అది దాదాపు 1,900 ఏళ్లుగా నిలబడి ఉంది.

అయితే ఏ ఆకారమైనా ఇలా నిలబడుతుందా అంటే, లేదు. ఒక గొలుసును రెండు కొసల దగ్గర పట్టుకుని వేలాడదీస్తే అది తనంతట తానే ఒక వంపు తీసుకుంటుంది. ఆ వంపులో గొలుసు మీద ఉన్నదంతా లాగుడే. దాన్ని ఉన్నదున్నట్టు తలకిందులు చేసి మట్టితోనో రాయితోనో కడితే ఆ లాగుడంతా నొక్కుడుగా మారుతుంది. మట్టి, ఇటుక, రాయి నొక్కితే బాగా ఓర్చుకుంటాయి, లాగితే పగులుతాయి. వాటి మీద లాగుడు పడకుండా చూడటమే ఇక్కడ చేయాల్సిన పని. ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ రహస్యాన్ని 1675లో లాటిన్ అక్షరాలు కలగాపులగం చేసిన పొడుపులాగా అచ్చు వేయించాడు. దాని విడుపు లోకానికి తెలిసింది ఆయన చనిపోయాకే. 1740ల్లో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటానికి పగుళ్లు కనిపించినప్పుడు జొవాన్ని పొలెని అనే పండితుడు నిజంగానే బరువులు కట్టిన గొలుసు వేలాడదీసి, ఆ గుమ్మటానికి ప్రమాదం ఉందా లేదా అని లెక్క చూశాడు. కామెరూన్ దేశపు ముస్గుం ప్రజలు ఆ లెక్కలేవీ లేకుండానే ఇంచుమించు ఇదే వంపులో ఎత్తయిన మట్టి ఇళ్లు కట్టుకున్నారు. గోడ అడుగున మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. బయట వరుసగా ఉబ్బెత్తు గీతలుంటాయి. అవి అందానికే అనుకుంటాం గానీ, మరమ్మతుకు ఎక్కేటప్పుడు అవే మెట్లు.

మన కళ్లకు అందంగా కనిపించేది మాత్రం అర్ధగోళం. చిక్కు అక్కడే ఉంది. ఒకే మందంతో ఉన్న అర్ధగోళాన్ని దాని బరువుకు వదిలేస్తే, శిఖరం నుంచి కిందికి సుమారు 52 డిగ్రీల కోణం వరకే చుట్లు నొక్కుడులో ఉంటాయి. అక్కడి నుంచి కిందున్న చుట్లు బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. అంటే లాగుడు. పాత గుమ్మటాల్లో అడుగున నిలువు పగుళ్లు కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. పైనుంచి ఏదో మీద పడుతుందని మనం తల ఎత్తి చూస్తుంటాం గానీ, అసలు కథ కాళ్ల దగ్గరే నడుస్తుంటుంది.

దీనికి మందు మూడు రకాలు. అడుగు భాగాన్ని మందంగా కట్టి, బయట మట్టి ఎగదోసి, ఆ తోపును బరువుతో ఆపడం మొదటిది. బండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్టు చుట్టూ లాగుడు ఓర్చే కట్టు వేయడం రెండోది. అది కాంక్రీటు రింగ్ బీమ్ కావచ్చు, తీగలు కావచ్చు. మూడోది ఆకారాన్నే మార్చడం, అంటే అర్ధగోళాన్ని వదిలి, గొలుసు వంపుకు దగ్గరగా కొసదేలిన ఎత్తు గుమ్మటం కట్టడం. చేత్తో, తక్కువ ఖర్చుతో కట్టేవాళ్లు ఈ మూడింటినీ కొంచెం కొంచెం కలిపి వాడతారు.

ఆ కలయికను చక్కగా కుదిర్చినవాడు నాదర్ ఖలీలీ. ఇరాన్‌లో పుట్టిన వాస్తుశిల్పి. 1984లో చంద్రుడి మీద ఇళ్లెలా కట్టాలన్న అంశంపై నాసా ఏర్పాటు చేసిన చర్చలో, అక్కడి ధూళినే సంచుల్లో నింపి ఒకదాని మీద ఒకటి పేరిస్తే చాలని ప్రతిపాదించాడు. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా ఆ ఆలోచన భూమి మీద పనికొచ్చింది. 1991లో కాలిఫోర్నియాలోని హెస్పీరియాలో కాల్-ఎర్త్ అనే సంస్థ పెట్టి దాన్ని సూపర్ అడోబ్ పేరుతో నేర్పించాడు. ఇరాన్‌లో ఇరాక్ శరణార్థుల కోసం ఈ పద్ధతిలో కట్టిన ఇసుక సంచుల ఇళ్ల నమూనాలకు 2004లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

కావాల్సిన సరుకు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పొడవాటి పాలీప్రొపిలీన్ సంచి గొట్టం, ముళ్లతీగ, మట్టి, దిమ్మిస. కొంచెం తడిపిన మట్టిని సంచిలో నింపుతూ చుట్టూ పరచాలి, దిమ్మిసతో గట్టిగా కొట్టి చదును చేయాలి, దాని మీద ముళ్లతీగ పరచాలి, పైన మళ్లీ సంచి. ముళ్లు రెండు వరుసల్లోకీ గుచ్చుకుని జారకుండా పట్టుకుంటాయి. తీగ చుట్టూ తిరిగి ఉండటం వల్ల, ఇందాక చెప్పిన విచ్చుకునే తోపును కూడా అదే ఓర్చుకుంటుంది. చవకైన ఒక్క వస్తువు ఇలా రెండు పనులు చేయడం నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన సంగతి.

మట్టి మాత్రం ఏదో ఒకటి అంటే కుదరదు. ఆకులు, వేర్లు కుళ్లిన పైమట్టి పక్కన పెట్టి, కింది మట్టి తీసుకోవాలి. మామూలుగా చెప్పే పాళ్లు బంకమట్టి 30, ఇసుక 70. గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి బాగా కుదిపి వదిలేస్తే ముందు ఇసుక అడుగున చేరుతుంది, బంకమట్టి చివరికి పైన పేరుకుంటుంది. ఆ పొరల మందం చూస్తే పాళ్లు ఇంచుమించుగా తెలుస్తాయి. తడి సరిపోయిందో లేదో చూడటానికి గుప్పెట్లో ముద్ద చేస్తే చాలు: విడిపోతే నీళ్లు చాలలేదు, చేతికి బురదలా అంటితే ఎక్కువయ్యాయి. నేలకు దగ్గరగా ఉండే మొదటి వరుసల్లో సిమెంటో సున్నమో కలుపుతారు, లేదా కంకర నింపుతారు. కింది నుంచి చెమ్మ ఎక్కకుండా అదే అడ్డం.

వంపు తప్పకుండా చూసేది రెండు గొలుసులు. తాడు సాగుతుంది కాబట్టి వాడరు. ఒక గొలుసును నేల మధ్యలో గుంజకు బిగిస్తారు, దాన్ని తిప్పితే గుండ్రం వస్తుంది. రెండోదాన్ని వంపు మొదలయ్యే ఎత్తులో గోడ లోపలి అంచున బిగిస్తారు. దాని పొడవు గది వ్యాసమంత ఉంటుంది, ఎప్పుడూ మార్చరు. ప్రతి వరుసకూ రెండోదాన్ని ఎదుటి గోడ దాకా చాచి, అది తాకిన చోట గుర్తు పెట్టి, ఆ గుర్తును అందుకునేలా మొదటి గొలుసు పొడవు సర్ది చుట్టూ తిప్పుతారు. ఈ లెక్కన 3 మీటర్ల వ్యాసమున్న గది నేల దగ్గరి నుంచే వంగితే, శిఖరం 2.6 మీటర్ల ఎత్తులో కలుస్తుంది. అదే అర్ధగోళమైతే ఒకటిన్నర మీటరే, మధ్యలో కూడా నిలబడలేం.

ఇంత చిన్న గదికి, గోడ మందం 35 సెంటీమీటర్లు అనుకుంటే, 8 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. అంటే సుమారు 15 టన్నులు. అదంతా డబ్బాలతో మోసి, 20కి పైగా వరుసలు పేర్చి కొట్టాలి. “చవక” అని రాసే చోట ఈ సంగతి కూడా రాయాలి. ఇక్కడ తగ్గేది సామాను ఖర్చు, పెరిగేది ఒళ్లు నొప్పులు. పైగా ఇంటి ఖర్చులో గోడలు, కప్పు ఒక భాగమే. తలుపులు, కిటికీలు, కరెంటు పని, మరుగుదొడ్డి, నీటి గొట్టాలు గుమ్మటానికైనా పెట్టెలాంటి ఇంటికైనా ఒకటే. అంతే లోపలి చోటును ఘనాకారంలో మూసేదానికన్నా అర్ధగోళంతో మూస్తే పైతలం 23 శాతం తక్కువ పడుతుందన్నది నిజమే. కానీ ఆ చోటులో కొంత అంచుల దగ్గర తల తగిలే ఎత్తులో ఉంటుంది, బీరువా గోడకు ఆనదు.

సంచులు లేకుండా ఇటుకలతో కట్టే దారీ ఉంది. ఎండబెట్టిన మట్టి ఇటుకలు, లేదా ఐదారు శాతం సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన మట్టి ఇటుకలు. దీనికి మేస్త్రీ చెయ్యి కావాలి, సంచులకు అంత నేర్పు అక్కర్లేదు. ఇక త్రికోణాల చట్రంతో చేసే జియోడెసిక్ గుమ్మటం, 1954లో అమెరికా రూపశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ పేటెంట్ పొందినది, చాలా తేలికైనది. ప్రదర్శనశాలకు బాగుంటుంది. ఇంటికి మాత్రం నేను సలహా ఇవ్వను, ఎన్ని త్రికోణాలో అన్ని అతుకులు, ప్రతి అతుకూ వాన నీటికి దారే.

నిజానికి మట్టి గుమ్మటానికి కూడా పెద్ద శత్రువు నీళ్లే. మామూలు ఇంటికి చూరు ఉంటుంది, గోడ మీద వాన తక్కువ పడుతుంది. గుమ్మటంలో గోడే కప్పు కాబట్టి మొత్తం తడుస్తుంది. ప్లాస్టరింగులో సన్నని చీలిక వచ్చినా నీళ్లు లోపలి మట్టిని చేరతాయి. సున్నం పూత అయితే కాస్త సాగుతుంది, గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది, ఏటా పైన మరో పూత వేసుకోవచ్చు. గట్టి సిమెంటు పెంకు చీలితే లోపలికి పోయిన నీళ్లు బయటికి రాలేవు. పూత ఆలస్యం చేయకూడదు కూడా: పాలీప్రొపిలీన్ సంచులు ఎండలో కొన్ని నెలలకే పొడిపొడిగా రాలిపోతాయి.

వేడి విషయంలో మందపాటి మట్టి గోడకున్న పేరు సగమే నిజం. పగటి వేడి లోపలికి చేరడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది, ఆ లోపు బయట చల్లబడుతుంది. రాత్రి పగలు తేడా ఎక్కువున్న పొడి ప్రాంతంలో ఇది వరం. రాత్రి కూడా ఉక్కపోసే చోట ఆ గోడ వేడిని దాచుకుని పడుకునే వేళకు ఇంట్లోకి వదులుతుంది. నడినెత్తిన గాలి పోయే రంధ్రం, కింద ఎదురెదురు కిటికీలు తప్పనిసరి. శబ్దం ఇంకో తమాషా: వంపు గోడ మాటను తిప్పి కొడుతుంది. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో గుసగుస కూడా అవతలి పక్కకు వినిపిస్తుందని వెళ్లి మరీ చూస్తాం. పడకగదిలో అదే వింత సరదాగా ఉండదు.

గుమ్మటం భూకంపాన్ని తట్టుకుంటుందని ఎవరైనా గంపగుత్తగా చెబితే ఒప్పుకోకండి. 2003 డిసెంబరు 26న ఇరాన్‌లోని బామ్ నగరంలో మట్టి ఇళ్లు పెద్ద సంఖ్యలో కూలాయి, 26 వేల మందికి పైగా చనిపోయారు. భూమి అడ్డంగా ఊగినప్పుడు నొక్కుడు మాత్రమే ఓర్చే బరువైన గోడలో ఒక్కసారిగా లాగుడు పుడుతుంది. దాన్ని పట్టుకునే తీగ, కట్టు ఉన్నాయా లేవా అన్నదే తేడా. తలుపు, కిటికీలు చుట్లను తెంపే చోట్లు కాబట్టి వాటికి కమాను కట్టాలి (సెంట్రింగ్ నిజంగా కావాల్సింది ఇక్కడే, ఒక చెక్క అచ్చు), పక్కన దన్ను గోడలు లేపాలి, రెండు రంధ్రాల మధ్య తగినంత గోడ వదలాలి.

ఒక గది చాలకపోతే గుమ్మటాన్ని పెద్దది చేయాలనిపిస్తుంది. వ్యాసం రెట్టింపై, మందం కూడా ఆ పాళ్లలోనే పెరిగితే మట్టి 8 రెట్లవుతుంది, 15 టన్నులు 120 టన్నులవుతాయి. అందుకే చిన్న గుమ్మటాలను పక్కపక్కన కట్టి కమానులతో కలుపుతారు. ఒకదాని తోపుకు ఇంకొకటి దన్నుగా నిలుస్తుంది. మిగిలే చిక్కల్లా రెండింటి మధ్య ఏర్పడే పల్లం. రెండు కప్పుల వాన అందులోకే దిగుతుంది. అక్కడ వాలు సరిపోకపోయినా, నీళ్లు పోయే తూము సన్నగా ఉన్నా, ఆ ఇంట్లో మొదట కారేది ఆ మూలే.