తలకు దెబ్బ తగిలాక మిగిలే కనిపించని వైకల్యం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తోడ్పడే చికిత్సకురాలిగా, నేను చూసేవారిలో బైకు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారు చాలామంది. కుట్లు మానిపోయి, జుట్టు మళ్లీ పెరిగాక వారిలో లోపమేదీ పైకి కనిపించదు. ఇంట్లో మాటలు పడడం అప్పుడే మొదలవుతుంది.

అపోహ: సీటీ స్కాన్‌లో ఏమీ లేదంటే మెదడుకు ఏమీ కాలేదు.

వాస్తవం: అత్యవసరంగా తీసే సీటీ స్కాన్ ముఖ్యంగా రక్తస్రావాన్ని, పుర్రె ఎముక చిట్లడాన్ని పట్టిస్తుంది. తల విసురుగా కుదుపుకు లోనైనప్పుడు సాగి దెబ్బతినే సన్నని నాడీ తంతువులు అందులో చాలాసార్లు కనిపించవు.

అపోహ: తింటున్నాడు, తిరుగుతున్నాడు, చదువు దగ్గరే బద్ధకం.

వాస్తవం: "బాగానే ఉండాడు గదా మేడమ్, పుస్తకం పడితేనే తలనొప్పంటాడు" అని రేణిగుంట నుంచి వచ్చిన ఒక తల్లి కళ్లు తుడుచుకుంటూ అన్నారు. డిగ్రీ చదివే ఆమె కొడుకు చేత నా ఎదుటే పాఠం చదివించాను. మొదటి పేజీలోని విషయాన్ని తన మాటల్లో చక్కగా చెప్పాడు. మూడో పేజీకి వచ్చేసరికి వేలు వరుస వెంట కదులుతూనే ఉన్నా, ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. వీధిలో ఆటో హారన్ మోగినప్పుడల్లా కనుబొమలు ముడిపడ్డాయి. గాయానికి ముందు అప్రయత్నంగా సాగిన పనికి ఇప్పుడు ప్రతి క్షణం పూనుకుని శ్రద్ధ పెట్టవలసి రావడమే ఈ అలసటకు ఒక ముఖ్య కారణం. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం దెబ్బతిన్నవారిలోనైతే పనిని తమంతట తాము మొదలుపెట్టే శక్తే తగ్గిపోవచ్చు, దాన్ని బద్ధకమని తిట్టడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఈ అబ్బాయికి ఉదయం పూట 15 నిమిషాల చదువు, 10 నిమిషాల విశ్రాంతి కుదిరాయి. తలనొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆపాలి.

అపోహ: "ఆలోచించి చెప్పు" అని పదేపదే అడిగితే జ్ఞాపకం పదునెక్కుతుంది.

వాస్తవం: జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతిన్నవారిలో ఊహించి చెప్పిన తప్పే నాటుకుపోయే ప్రమాదముంది, ఎందుకంటే దాన్ని ఎవరో సరిదిద్దారన్న సంగతి వారికి గుర్తుండదు, నోటికి వచ్చిన మాట మాత్రం మిగులుతుంది. అందుకే జవాబును మేమే ముందు చెప్పి, వారి చేత అనిపించి, వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ మళ్లీ అడుగుతాం. జేబులో నోటుబుక్కు, ఫోనులో అలారం వాడితే బుర్ర మొద్దుబారుతుందన్న భయం అక్కర్లేదు.

అపోహ: ఏడాది దాటితే ఇక మెరుగుపడదు.

వాస్తవం: మొదటి నెలల్లో వేగం ఎక్కువ, అంతే.

అపోహ: కాలూ చేయీ బాగుంటే పరీక్షలో వెసులుబాటు అడగకూడదు.

వాస్తవం: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో తలగాయానికి విడిగా చోటు లేదు, అది లోటే. అయినా వైకల్యాన్ని నిర్వచించేటప్పుడు ఆ చట్టం దీర్ఘకాలిక మానసిక, బౌద్ధిక లోపాలను కూడా లెక్కలోకి తీసుకుంది. అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి మార్పులను 17వ సెక్షన్ ప్రస్తావిస్తుంది. కాబట్టి కాలేజీకి ఇచ్చే నివేదికలో "తలకు గాయం" అని మాత్రమే రాయించుకోకండి. ఆగకుండా ఎన్ని నిమిషాలు చదవగలరో, ఎంత విరామం తరువాత కుదురుకుంటారో, గోల మధ్య ఏమవుతుందో కూడా రాయించండి. రేణిగుంట అబ్బాయి నివేదికలో నేను మొదట రాసింది ఆ 15 నిమిషాల సంగతే.