మాజీ భర్త పేరుతో ఉత్తరం వస్తే: అపోహలు - వాస్తవాలు

కడప కోర్టులో నేను చూసేవి ఎక్కువగా కుటుంబ కేసులు. విడాకులైపోయాక కూడా ఆడవాళ్లు కవరు పట్టుకుని వస్తూనే ఉంటారు. "ఆయన పేరుతో వచ్చింది మేడమ్, ఏం చేయాల?"

అపోహ: "మాకొద్దు" అంటే చాలు, పీడ పోతుంది.

వాస్తవం: తిప్పి పంపడం సరే, పోస్ట్‌మ్యాన్‌కు ఏం చెప్పారు? "వద్దు" అంటే అతను 'రెఫ్యూజ్డ్' అని రాసుకుపోతాడు. నోటీసు అందుకోవాల్సిన మనిషే కావాలని తీసుకోలేదని కోర్టు అనుకుంటుంది, అందినట్టే లెక్కేస్తుంది. "ఆయన ఇక్కడ ఉండడం లేదు" అని చెప్పి 'లెఫ్ట్' అని రాయించండి. కోర్టు అమీనా సమన్లు తెచ్చినా ఇదే మాట. కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకైతే ఇవ్వొచ్చు. విడాకులైన మీరు అందులోకి రారు.

సంతకం పెట్టి తీసుకుని బీరువాలో పడేయడం ఇంకా చేటు. ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఒకామె అదే చేసింది. తీసుకోకపోతే పోలీసులొస్తారని పక్కింటావిడ చెప్పిందట. ఈ పక్కింటి లాయర్లతో వేగలేక చస్తున్నాం. లోపలున్నది చెక్ బౌన్స్ నోటీసు. అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేయొచ్చు. ఆ గడువు బీరువాలోనే గడిచిపోయింది. "కావాలనే దాచింది" అని ఆమె మాజీ భర్త పిల్లల కస్టడీ కేసులో కూడా రాయించాడు. పాపం, ఆమె చేసిందల్లా భయపడడమే.

ఇప్పటికే తీసేసుకున్నారా? టెన్షన్ పడకండి. కవరు తెరవొద్దు. ఫొటో తీసుకుని, 'ఈ చిరునామాలో లేరు' అని రాసి, వెంటనే పోస్టాఫీసులో ఇచ్చేయండి. ఆయన లాయరుకు వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టండి, రుజువుగా ఉంటుంది.

మిగతావి గబగబా. బ్యాంకు కవరు మీ ఇంటికొస్తే ఆయన అప్పు మీది కాదు, మీరు కూడా రుణపత్రం మీదో జామీనుగానో సంతకం చేసి ఉంటే తప్ప. భరణం కేసుకు పనికొస్తుందని ఆయన జీతం కాగితాల కవర్లు చించొద్దు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి, ఆదాయాల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది, ఆ దారిలో అడగండి.

"నా చేతికి రాలేదు, చెల్లదు" అనే మగవాళ్లకూ ఒక మాట. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే భావిస్తుంది జనరల్ క్లాజెస్ చట్టం, సెక్షన్ 27. అందలేదని నిరూపించుకోవాల్సింది మీరే. ఆధార్‌లో, బ్యాంకులో ఆ పాత అడ్రసు మార్చుకోండి నాయనా.

ఫీజు భయంతో ఆగిపోయే ఆడవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ 15100.