‘సాటర్‌డే నైట్’ తెర లేవడానికి 42 ఏళ్లు

1955 ఆగస్టులో లెమ్యుయెల్ ఎయర్స్ బ్లడ్ క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 40. ‘ఓక్లహోమా!’ అనే మ్యూజికల్‌కి సెట్లు వేసింది ఆయనే, ‘కిస్ మి, కేట్’ నిర్మాతల్లో ఒకరూ ఆయనే. ఆయన చేతిలో అప్పటికి పాటలన్నీ పూర్తయిన ఒక మ్యూజికల్ ఉంది. దాన్ని న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేకి తేవాలని పెట్టుబడి కూడగడుతున్నారు. పేరు ‘సాటర్‌డే నైట్’. పాటలు రాసి బాణీలు కట్టిన కుర్రాడికి ఎయర్స్ పోయేనాటికి 25 ఏళ్లు. పేరు స్టీఫెన్ సాండ్‌హైమ్. తర్వాత ‘స్వీనీ టాడ్’ లాంటి మ్యూజికల్స్ రాసింది ఇతనే, కానీ అప్పటికి బయట అతను ఎవరికీ తెలియదు.

మాటలూ పాటలూ డాన్సూ కలిసి ఒకే కథను నడిపించేదాన్ని అక్కడ మ్యూజికల్ అంటారు. మన పద్యనాటకంలా మంచి గాత్రం ఉన్న నటుడు ఒక్కడు నిలబడి రక్తి కట్టించే వ్యవహారం కాదు. ఆర్కెస్ట్రా కావాలి, బృందం కావాలి, సెట్లు కావాలి, అన్నిటికీ ముందు డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం ఆడిషన్లు పెడతారు. ఆ ఆడిషన్లు నటుల కోసం కాదు, పెట్టుబడి పెట్టేవాళ్ల కోసం. ఒక గదిలో పియానో, చుట్టూ కాస్త స్థోమత ఉన్న అతిథులు. కథ చెబుతూ, మధ్యమధ్యలో పాటలు పాడి వినిపిస్తారు. మన సినిమా వాళ్లు ఫైనాన్సర్‌కి కథ చెప్పి ఒప్పించే సిట్టింగ్ లాంటిదే. నచ్చినవాళ్లు చెక్కు రాస్తారు. ఈ పనంతా నిర్మాత మాట మీద నమ్మకంతోనే నడుస్తుంది. ఎయర్స్ పోవడంతో ఆ నమ్మకం పోయింది, నాటకం అక్కడే ఆగింది.

సాండ్‌హైమ్ అనుకోకుండా ఈ రంగంలోకి వచ్చినవాడు కాదు. ‘ఓక్లహోమా!’ రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్ కుటుంబానికి చిన్నప్పటి నుంచి దగ్గరివాడు. 15 ఏళ్ల వయసులో బడి కోసం రాసిన మ్యూజికల్‌ని ఆయన దగ్గరికి తీసుకెళ్లి, తానెవరో తెలియనట్టు చదివి చెప్పమన్నాడు. అయితే ఇంత చెత్త నేనెప్పుడూ చదవలేదన్నారాయన. అని ఊరుకోలేదు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నమంతా కూర్చుని ఎక్కడ ఏం తప్పో విడమరిచి చెప్పారు. తర్వాత నాలుగు మ్యూజికల్స్ రాసి నేర్చుకొమ్మని పనిపెట్టారు. అలా సాన పట్టిన చేయి కాబట్టే ఎయర్స్ ముందు మూడు పాటలు రాయించుకుని చూసి, పని మొత్తం అప్పగించారు.

కథ 1929 వసంతంలో బ్రూక్లిన్‌లో నడుస్తుంది. ‘కాసాబ్లాంకా’ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్న కవల సోదరులు జూలియస్, ఫిలిప్ ఎప్‌స్టైన్ రాసిన నాటకం దీనికి మూలం. ఫిలిప్ 1952లోనే పోయారు. మ్యూజికల్‌కి మాటలు జూలియస్ రాశారు. శనివారం రాత్రి తోడుగా అమ్మాయి లేక అరుగు మీద కూర్చుని ఉసూరుమనే కుర్రాళ్లు, వాళ్లలో జీన్ అనే వాల్ స్ట్రీట్ చిన్న ఉద్యోగి. పెద్దింటి బిడ్డలా వేషం వేసుకుని గొప్పవాళ్ల మధ్య తిరగాలని అతని ఆశ. స్నేహితులు షేర్లలో పెట్టమని ఇచ్చిన డబ్బు సొంత షోకులకు వాడేస్తాడు. ఆ ఏడాది అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలుతుందని చూసేవాళ్లకు తెలుసు, అరుగు మీద ఉన్నవాళ్లకు తెలియదు. ఆ ఒక్క ఎత్తుగడతో మామూలు ప్రేమకథ కింద ఒక గుబులు పరుచుకుంటుంది.

పాటలు వింటే అతని వయసు నమ్మబుద్ధి కాదు. ఒక పాటలో ప్రేమను షేర్ మార్కెట్ బాండ్‌తో పోలుస్తాడు. ఇంగ్లిష్‌లో బాండ్ అంటే బంధమూ అవుతుంది, రుణపత్రమూ అవుతుంది. మన చెవికి బంధం, బాండ్ ఎలాగూ దగ్గరగానే వినిపిస్తాయి కాబట్టి ఆ శ్లేష మనకూ ఇట్టే పట్టుబడుతుంది. ‘వాట్ మోర్ డు ఐ నీడ్?’ అనే ఇంకో పాటలో రైళ్ల రొద, దుమ్ము, పొగ, ఊళ్లో నిన్నటిదాకా అసహ్యించుకున్నవన్నీ ప్రేమలో పడ్డాక ముద్దొస్తాయి. వెన్నెల గురించీ పూల గురించీ రాయకుండా పొగ గురించి రాసి ప్రేమ పుట్టించడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

ఆడని నాటకం ఊరికే మూలన పడి లేదు. ఇంకో మ్యూజికల్‌లో పని కోసం సాండ్‌హైమ్ ఈ పాటలనే పాడి వినిపించాడు. అక్కడ రచయిత ఆర్థర్ లారెంట్స్ విన్నారు. 1955 అక్టోబరులో ఒక పార్టీలో ఇద్దరూ మళ్లీ కలిశారు. తాము ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ అనే మ్యూజికల్ మొదలుపెట్టామని, పాటలకు సాహిత్యం రాసేవాళ్లు కావాలని లారెంట్స్ చెప్పారు. నీ సాహిత్యం నాకు బాగా నచ్చింది, సంగీతం మాత్రం అంతగా నచ్చలేదని మొహం మీదే అన్నారు. ఆ తర్వాత దాని స్వరకర్త లెనర్డ్ బెర్న్‌స్టైన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఒట్టి సాహిత్యం రాయడం సాండ్‌హైమ్‌కి ఇష్టం లేదు. అంత పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకునే అవకాశం వదులుకోవద్దని హామర్‌స్టైన్ నచ్చజెప్పారు.

అసలు నష్టం ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. ‘సాటర్‌డే నైట్’ అనుకున్న టైంకి ఆడి ఉంటే అతను పాటా బాణీ రెండూ కట్టేవాడిగా జనానికి పరిచయమయ్యేవాడు. 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ వచ్చాక ‘మాటలు రాసే అబ్బాయి’ అనే ముద్ర పడిపోయింది. 1959లో ‘జిప్సీ’కి కూడా అదే తంతు. కొత్త స్వరకర్తతో పనిచేయనని నాయిక ఎథెల్ మర్మన్ పట్టుబట్టడంతో సంగీతం జూల్ స్టైన్ చేతికి వెళ్లింది. సాండ్‌హైమ్ పాటా బాణీ రెండూ కట్టిన మ్యూజికల్ బ్రాడ్‌వేలో మొదటిసారి ఆడింది 1962లో. నిర్మాత చావుకీ ఆ రోజుకీ మధ్య ఏడేళ్లు.

ఈలోగా ఒక అవకాశం గుమ్మం దాకా వచ్చింది. ‘జిప్సీ’ తర్వాత జూల్ స్టైనే ‘సాటర్‌డే నైట్’ని నిర్మిస్తానన్నారు. దర్శకుడిగా బాబ్ ఫాసీని అనుకున్నారు. నటుల ఎంపిక కూడా మొదలైంది. ఈసారి ఆపింది సాండ్‌హైమే. పాత పని దగ్గరికి వెనక్కి వెళ్లాలని లేదన్నాడు. అప్పుడతనికి ముప్పై ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఆ నిర్ణయం నాకు బాధగానే ఉంటుంది, కానీ అతను చేసింది తప్పనలేను. చేతిలో కొత్తది రాయగల సత్తా ఉన్నవాడు కొత్తదే రాయాలనుకున్నాడు.

తర్వాతి దశాబ్దాల్లో నాటకం బీరువాలో ఉన్నా పాటలు బయటపడుతూనే వచ్చాయి. వాడకుండా మిగిలిన ఆయన పాటలతో 1980లో ‘మ్యారీ మి ఎ లిటిల్’ అనే ప్రదర్శన కూర్చినప్పుడు వీటిలో కొన్ని చేరాయి. పాటలు విన్నవాళ్లు కథ గురించి అడగడం మొదలుపెట్టారు.

చివరికి 1997 డిసెంబరులో లండన్‌లో తెర లేచింది. బ్రాడ్‌వేకి దీటైన పెద్ద హాలేమీ కాదు. ఫ్లీట్ స్ట్రీట్ పక్కన, విక్టోరియా కాలం నాటి ఈతకొలను మీద కట్టిన బ్రైడ్‌వెల్ అనే చిన్న థియేటర్. సాండ్‌హైమ్‌కి అప్పుడు 67 ఏళ్లు. ‘స్వీనీ టాడ్’, ‘సండే ఇన్ ది పార్క్ విత్ జార్జ్’ రాసిన మనిషి తలుచుకుంటే ఆ పాత పాటలన్నిటినీ చెక్కి కొత్తగా చేసేవారు. ఆయన ఆ పని పెట్టుకోలేదు. పసిపిల్లవాడి ఫొటోకి ఎవరూ మెరుగులు దిద్దరు కదా, 23 ఏళ్లవాడి పనిగా బాగానే ఉంది అన్నది ఆయన మాటల సారాంశం.

1999లో చికాగోలో పెగసస్ ప్లేయర్స్ దాన్ని అమెరికాలో ఆడించారు. 2000 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో సెకండ్ స్టేజ్ థియేటర్‌లో క్యాథ్లీన్ మార్షల్ దర్శకత్వంలో ఆడింది. ఆర్కెస్ట్రా కూర్పు, ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసిన జోనథన్ ట్యూనిక్‌ది. సాండ్‌హైమ్‌కి 70 నిండడానికి ఇంకా నెల ఉంది. మాటలు రాసిన జూలియస్ ఎప్‌స్టైన్‌కి 90 దాటాయి. తన నాటకం సొంత ఊళ్లో ఆడిన ఆ ఏడాదే, డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు.