పాలీహౌస్‌కి సీఓటూ సిలిండర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సీఓటూ (కార్బన్ డయాక్సైడ్, మొక్క తిండి తయారుచేసుకోవడానికి వాడే వాయువు) వదిలితే మన క్యాప్సికం కూడా విరగకాస్తుంది.

చలికాలం మొదలైతే చాలు, పర్కాల, నర్సంపేట వైపు నుంచి ఇదే ఫోను. "సార్, సిలిండర్లు పెడితే కాత బాగా పెరుగుతదట గదా, తెప్పియ్యాల్నా?" వీడియోల్లో చూపించే హాలండ్ గాజు గ్రీన్‌హౌస్‌ల్లో ఫలితం నిజమే. చలికి అక్కడ గాలి ఆడే కిటికీలు (వెంట్లు) మూసేస్తారు. మామూలు గాలిలో 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420 వంతులు) దాకా ఉండే సీఓటూని 1000 దాకా పెంచితే, లోపలే నిలుస్తుంది. మనవి నాలుగు పక్కలా నెట్, పైన వెంట్ ఉన్న, ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్‌లు. ఎండ ఎక్కితే తెరవక తప్పదు, మూస్తే పూత మాడిపోతుంది.

కొనేముందు ఈ లెక్క చూడండి. ఎకరం అంటే సుమారు 4000 చదరపు మీటర్లు. సగటు ఎత్తు 5 మీటర్లు అనుకుంటే లోపల 20,000 ఘనపు మీటర్ల గాలి. అందులో 600 పీపీఎం పెంచాలంటే ఒక్కసారికే 20 కిలోల పైచిలుకు గ్యాస్ కావాలి. పక్కల నెట్ మీద ఉండే కర్టెన్లు తెరిచాక గాలి గంటకు 20 సార్లు మారిందనుకున్నా, గంటకు 400 కిలోలు దాటుతుంది. బ్యాంకు కిస్తీ నెత్తిన పెట్టుకుని ఆ డబ్బు గాలికి వదలొద్దు. పక్క రైతు పెట్టాడని మీరు టెన్షన్ పడొద్దు, వెనకబడిపోరు.

అపోహ: సిలిండర్ ఎందుకు, లోపల బొగ్గుల కుంపటి పెడితే సరి.

ఈ మాట పుట్టించినవాళ్ల మీద నాకు చాలా కోపం. సరిగ్గా మండని బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్, ఎథిలిన్ అనే వాయువులు వస్తాయి. జమ్మికుంట దగ్గర ఒక తోటకి వెళ్తే మొక్కల కింద మొగ్గలు తొడిమలతో సహా రాలి పచ్చగా పరుచుకున్నాయి. మందు కొట్టడంలో తప్పు చేశానేమోనని ఆ రైతు కుమిలిపోతున్నాడు. మూలకు వెళ్లి చూస్తే కుంపటి. ఎథిలిన్ కొంచెం చాలు, మొగ్గ నిలవదు. మూసిన పాలీహౌస్‌లో మోనాక్సైడ్ మనిషి ప్రాణమే తీస్తుంది.

సీఓటూని రాత్రి వదిలినా పనిచేస్తుందంటారు. చేయదు, వెలుతురు లేనిదే మొక్క దాన్ని వాడుకోలేదు. మొక్కలు రాత్రి వదిలే సీఓటూతో పొద్దున్నే లోపలికి వెళ్లే కూలీలకు ప్రమాదమా అని అడుగుతారు. ఆ కాస్తతో ఏమీ కాదు, నిశ్చింతగా వెళ్లండి.

అసలు నష్టం వేరే చోట ఉంది. చలికాలంలో వెచ్చగా ఉంటుందని పది దాటినా కర్టెన్లు దించే ఉంచుతారు. ఒత్తుగా పెరిగిన తోట ఎండ తగలగానే లోపలి సీఓటూని తాగేస్తుంది, బయటి గాలికన్నా తగ్గిపోయి ఎదుగుదల మందగిస్తుంది. ఎండ పడి లోపల కాస్త వేడెక్కగానే గాలి వాటం చూసి ఒక పక్క కర్టెన్ లేపండి. దీనికి పైసా ఖర్చు లేదు.