మనసులో మెదిలిన చెడ్డ మాట నిజమవుతుందా? అపోహలు - వాస్తవాలు

కొన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో వారానికి ఒక్కరైనా కూర్చోగానే ఫోను తీసి బల్ల మీద పెడుతున్నారు. అందులో ఎనిమిది గంటల వాన చప్పుడో, వేణునాదమో ఉంటుంది. దాని అడుగున చెవికి అందని మంచి మాటలు దాగి ఉన్నాయనీ, నిద్రలో అవి సబ్‌కాన్షస్ మైండ్‌లోకి ఇంకిపోతాయనీ ఎవరో చెప్పి ఉంటారు. అయితే వాళ్లు అడిగేది "ఇది పనిచేస్తుందా మేడమ్?" అని కాదు, "నాకు అప్పుడప్పుడూ చెడ్డ చెడ్డ మాటలు మనసులోకి వస్తున్నాయి, ఇది వాటిని కడిగేస్తుందా?" అని. ఆ ప్రశ్న వెనకాల ఉన్న భయం గురించే ఈ వ్యాసం. క్లినికల్ సైకాలజిస్టుగా నేను చూసినంతలో, ఇలా ఎరుకకు అందకుండా మాటలు దాచిన సబ్లిమినల్ ఆడియోల వల్ల పోయేది కాస్త డబ్బూ, కాస్త నిద్రా మాత్రమే. మనసులోకి వచ్చిన చెడ్డ ఆలోచన తనంత తానే కీడు తెస్తుందన్న నమ్మకం వల్ల మాత్రం మనుషులు ఏళ్లకు ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: చెడు అనుకుంటే చెడే జరుగుతుంది, కాబట్టి ఆ ఆలోచనను రానివ్వకూడదు

వివరాలు మార్చి ఒకరి సంగతి చెబుతాను. మూడు నెలల పసిబిడ్డ తల్లి. ఒకరోజు కూరగాయలు తరుగుతుండగా, పక్కనే పడుకున్న బిడ్డను చూసి, "ఈ కత్తిపీటతో నేను బిడ్డను ఏమైనా చేస్తే?" అన్న ఆలోచన ఎక్కడి నుంచో వచ్చి పడింది. ఆమె ఒళ్లు చల్లబడిపోయింది. ఆ సాయంత్రమే కత్తిపీటను అటకెక్కించింది. మర్నాడు చాకు, వారం తిరిగేసరికి కత్తెర, సూదుల డబ్బా కూడా అటక మీదికి చేరాయి. భయపడుతూనే అత్తగారితో సగం చెప్పబోతే, ఆ పెద్దావిడ ప్రేమగానే, "అలాంటివి అనుకోకమ్మా, పైన తథాస్తు దేవతలుంటారు" అన్నారు. చెల్లెలు ఒక వీడియో పంపింది. చెడ్డ మాట మనసులోకి రాగానే "క్యాన్సిల్, క్యాన్సిల్, క్యాన్సిల్" అని మూడుసార్లు అనుకుంటే విశ్వం దాన్ని కొట్టేస్తుందని అందులో ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చేనాటికి ఒక నోటు పుస్తకం పెట్టుకుని, రోజుకు ఎన్నిసార్లు క్యాన్సిల్ చేసిందో గీతలు గీసి లెక్క రాస్తోంది. నాకు చూపించిన పేజీలో గీతలు మార్జిన్ దాటి వెనక్కి తిరిగాయి. బిడ్డకు స్నానం చేయించడం అప్పటికే మానేసింది.

వాస్తవం ఏమిటంటే, ఇలాంటి చొరబాటు ఆలోచనలు రాని మనిషి అరుదు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు మామూలు మనుషుల మనసుల్లోకి వచ్చే వికృతమైన ఆలోచనలనూ, ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలూ, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడమూ ఉండే జబ్బు) ఉన్నవాళ్ల ఆలోచనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, విషయంలో రెండూ దాదాపు ఒకటేలా ఉన్నాయి. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 13 దేశాల్లోని 777 మంది విద్యార్థులను అడిగితే, గడిచిన మూడు నెలల్లో కనీసం ఒక్కసారైనా అలాంటి ఆలోచన వచ్చిందని సుమారు 94 శాతం మంది ఒప్పుకున్నారు. కెనడాలో కొత్తగా తల్లులైనవారి మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశీలనలో, బిడ్డకు తామే కావాలని హాని చేసినట్టు ఆలోచన వచ్చిందని దాదాపు సగం మంది చెప్పారు. అంటే మీ వీధిలో బిడ్డను ఎత్తుకుని ఎండలో నిలబడే తల్లుల్లో చాలామందికి ఇది వచ్చి ఉంటుంది, వచ్చిన దారినే పోయి ఉంటుంది. తేడా ఆలోచనలో లేదు, దానికి మనం ఇచ్చే అర్థంలో ఉంది. "ఇలా అనుకున్నానంటే చేసినంత పనే", "అనుకున్నాను కాబట్టి జరుగుతుంది" అనే ముడి పడిన చోట ఆ ఆలోచన అతుక్కుపోతుంది. ఆలోచనకూ చేతకూ మధ్య గీత చెరిగిపోయే ఈ స్థితినే మేము థాట్ యాక్షన్ ఫ్యూజన్ అంటాం.

ఇక తరిమేయడం సంగతి. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మన ఇళ్లలో తెలియనిదెవరికి? 1987లో అమెరికాలోని టెక్సాస్‌లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు అదే కథను ప్రయోగంగా మార్చాడనుకోవచ్చు. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దనీ, గుర్తొస్తే గంట కొట్టమనీ విద్యార్థులకు చెప్పాడు. వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. అంతకన్నా ముఖ్యమైనది తర్వాత జరిగింది: ఇప్పుడు హాయిగా ఆలోచించుకోవచ్చని అనుమతి ఇవ్వగానే, మొదట అణచుకున్నవాళ్లకు ఆ ఎలుగుబంటి, అణచుకోనివాళ్లకంటే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఒక ఆలోచన రాకుండా కాపలా కాయాలంటే అది వచ్చిందా లేదా అని మనసు తొంగి చూస్తూనే ఉండాలి, ఆ తొంగి చూడటమే దాన్ని పిలుస్తుంది. కాబట్టి "క్యాన్సిల్" అనే ప్రతి గీతా ఆ తల్లికి కత్తిపీటను ఇంకోసారి గుర్తుచేసేదే అయింది.

దీనికి చికిత్స ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన పద్ధతి నుంచి ఎదిగిన ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే చికిత్సలో, భయపెట్టే దానికి దగ్గరగా వెళ్లి, విరుగుడు ఏదీ చేయకుండా ఉండటం మెల్లగా అలవాటు చేస్తాం. అవసరమైతే సైకియాట్రిస్టు మందు కూడా రాస్తారు. బాలింతకు ఏ మందు పనికొస్తుందో వారే నిర్ణయిస్తారు. ఒక్క హెచ్చరిక చెప్పి తీరాలి. తన ఆలోచనకు తానే హడలిపోయి బిడ్డకు దూరంగా జరిగే తల్లి వేరు, ఎవరో చెవిలో ఆజ్ఞలు ఇస్తున్నారనో, బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉందనో గట్టిగా నమ్మి, నిద్ర లేకుండా తిరిగే తల్లి వేరు. రెండోది ప్రసవానంతర సైకోసిస్, అంటే కాన్పు తర్వాత వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్రమైన మానసిక జబ్బు కావచ్చు, అది అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన విషయం. ఎవరికి చెప్పాలో తోచనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. నేను తథాస్తు దేవతలను వెక్కిరించడం లేదు. మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం అయిపోయాయి అంటే నెత్తి మీద మొట్టికాయ పడేది, "నిండుకున్నాయి" అనాలి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేటప్పుడు వెళ్తున్నా అనకూడదు, వెళ్లొస్తా అనాలి. అది భాషలోని మర్యాద, ఎదుటివాడి మనసు చివుక్కుమనకుండా మాట తిప్పి చెప్పే నేర్పు. నేనూ ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయనే అంటాను. కానీ ఆ మర్యాద నాలుకకు సంబంధించినది. దాన్ని తలపులకు కూడా అంటగట్టి, మనసులో మెదిలినదానికి కూడా లెక్క కట్టే దేవతలున్నారని ఓసీడీ ఉన్న మనిషితో చెప్పడం, మునుగుతున్నవాడి మెడకు రాయి కట్టడమే.

అపోహ: సబ్‌కాన్షస్ మైండ్‌కు 'వద్దు', 'లేదు' అన్న మాటలు తెలియవు

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో దీన్ని చెప్పని వక్త లేడు. కాదు అన్న వాక్యాన్ని అర్థం చేసుకోవడానికి మనసు అవును అన్నదానికంటే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంతే. అర్థం కాకపోవడం కాదు. పొయ్యి ముట్టుకోవద్దంటే రెండేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది, వినడం వినకపోవడం వేరే సంగతి. పిల్లలకు "పరిగెత్తకు" అనడం కంటే "మెల్లగా నడువు" అనడం మేలే, ఎందుకంటే ఏం చేయాలో అందులో ఉంది. దానికి సబ్‌కాన్షస్‌ను లాక్కురావలసిన పని లేదు.

అపోహ: చెవికి వినబడని, కంటికి కనబడని సందేశాలు మనల్ని నడిపిస్తాయి

ఈ కథ పుట్టింది 1957లో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఫోర్ట్ లీ అనే ఊరి సినిమా హాల్లో. జేమ్స్ వికారీ అనే మార్కెట్ పరిశోధకుడు, తెర మీద ఐదు సెకన్లకోసారి, సెకనులో 3000వ వంతు సేపు "కోకాకోలా తాగండి", "పాప్‌కార్న్ తినండి" అని మెరిపించాననీ, ఆరు వారాల్లో అమ్మకాలు విపరీతంగా పెరిగాయనీ విలేకరులను పిలిచి చెప్పాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాది కెనడా ప్రభుత్వ టెలివిజన్ ఒక అరగంట కార్యక్రమంలో "ఇప్పుడే ఫోన్ చేయండి" అన్న సందేశాన్ని 352 సార్లు మెరిపిస్తే, ఫోన్లు ఏమీ పెరగలేదు. తర్వాత ఏ సందేశం వచ్చి ఉంటుందో చెప్పమంటే మాత్రం, ఆకలేసిందనీ దాహమేసిందనీ ఉత్తరాలు వచ్చాయి, ఎందుకంటే పాప్‌కార్న్ కథ జనం అప్పటికే విని ఉన్నారు. 1962లో వికారీ తానే, అదంతా వ్యాపారం పెంచుకోవడానికి చేసిన హడావుడి అనీ, తన దగ్గర చెప్పుకోదగ్గ లెక్కలేవీ లేవనీ ఒప్పుకున్నాడు. అరవై ఏళ్లు దాటినా ఆ ఒప్పుకోలు మాత్రం ఎవరి వాట్సాప్‌కూ చేరలేదు!

ఎరుకకు అందని ఉద్దీపన ప్రభావం బొత్తిగా సున్నా అని కూడా అనలేం. ప్రయోగశాలలో మాటను మెరుపులా చూపించి, దాన్ని ఇంకో బొమ్మతో కప్పేస్తే, వెంటనే వచ్చే మాటను గుర్తించే వేగంలో చిన్న తేడా కనబడుతుంది. 1996లో అమెరికా సైకాలజిస్టు గ్రీన్‌వాల్డ్ బృందం లెక్క ప్రకారం ఆ తేడా సెకనులో పదో వంతు సేపట్లో ఆవిరైపోతుంది. 2006లో నెదర్లాండ్స్‌లో ఒక శీతల పానీయం పేరును అలా మెరిపిస్తే, వెంటనే అదే పానీయం కోరుకున్నవాళ్లు అప్పటికే దాహంతో ఉన్నవాళ్లే. దాహం లేనివాణ్ని అది కదిలించలేదు. ఇంత చిన్న సంగతికి రాత్రికి రాత్రి కోపాన్నీ, పిసినారితనాన్నీ, ఊబకాయాన్నీ తుడిచేసే శక్తిని అంటగట్టడం అన్యాయం.

ఇక ఆడియోలు. వాన చప్పుడు కింద పూడ్చేసిన మాట చెవి గుర్తించగలిగే స్థాయికే రాకపోతే, మెదడుకు అందేది వాన చప్పుడే. 1991లో ఇదే గ్రీన్‌వాల్డ్, ప్రాట్‌కానిస్ మొదలైనవారు జ్ఞాపకశక్తి పెంచే టేపులనూ, ఆత్మగౌరవం పెంచే టేపులనూ తెచ్చి, సగం మందికి లేబుళ్లు తారుమారు చేసి ఇచ్చారు. నెల రోజులు విన్నాక, మూడో వంతుకు పైగా జనం తమకు ఫలానా గుణం పెరిగిందని నమ్మారు. అది టేపులో ఉన్నది కాదు, లేబుల్ మీద ఉన్నది. నిజంగా పరీక్ష పెట్టి చూస్తే టేపులో చెప్పిన గుణం ప్రత్యేకంగా ఎవరికీ పెరగలేదు. వాన చప్పుడు వింటే నిద్ర పడుతుందా, వినండి. దానికి డబ్బు కట్టకండి, దాన్ని నమ్మి వేసుకుంటున్న మందు ఆపకండి.

మరికొన్ని, త్వరగా

రెండు సీసాల్లో అన్నం పెట్టి, ఒకదాన్ని పొగిడి, ఇంకొకదాన్ని తిడితే తిట్టిన అన్నం బూజు పడుతుందంటారు. బూజుకు తెలుగు రాదు. తేమ, మూత, చేతి తడి చాలు. నమ్మకం కుదరకపోతే ఇరవై సీసాలు పెట్టి, ఏది తిట్టిన సీసానో చూసేవాడికి చెప్పకుండా లెక్కపెట్టించండి.

రోజూ అద్దం ముందు "నన్ను అందరూ ప్రేమిస్తారు" అనుకుంటే చాలునన్నది ఇంకొకటి. 2009లో జోవాన్ వుడ్ బృందం చేసిన ప్రయోగంలో, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవాళ్లు అలాంటి వాక్యాన్ని వల్లించాక ఇంకా దిగాలుపడ్డారు. నమ్మలేని మాటను నోటితో అంటుంటే మనసు లోపలి నుంచి ఎదురు సాక్ష్యం చెబుతుంది.

మాటకు శరీరం మీద ప్రభావం లేదనడం కూడా అపోహే. కీడు జరుగుతుందన్న మాట విని, ఎదురుచూడటం వల్లే ఇబ్బంది కలగడాన్ని మా వృత్తిలో నొసీబో అంటారు. 2007లో ఇటలీలో ప్రోస్టేట్ మందు ఇస్తూ, లైంగిక ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పిన బృందంలో 43.6 శాతం మంది, చెప్పని బృందంలో 15.3 శాతం మంది ఆ ఇబ్బందులు వచ్చాయన్నారు. మందు ఒకటే. మందు చీటీలోని సైడ్ ఎఫెక్టులు రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా చదివి, తెల్లారేసరికి అన్నీ తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చీటీ డాక్టరు ముందు కూర్చుని చదవండి. అయితే ఇక్కడ పనిచేసింది దాచిపెట్టిన మాట కాదు, స్పష్టంగా విని, అర్థం చేసుకుని, ఎదురుచూసిన మాట.

పిల్లల విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. ఇంటర్ చదివే కొడుకు కోసం ఒక తండ్రి "నువ్వు మేధావివి" అన్న సబ్లిమినల్ ఆడియో కొని, రోజూ రాత్రి అబ్బాయి నిద్రపోయాక గదిలో చిన్నగా పెట్టి వస్తున్నాడు. ఫీజు కట్టిన రసీదులాగా ఆ సంగతి నాకు గర్వంగా చెప్పాడు. అబ్బాయితో విడిగా మాట్లాడితే, ఆ ఆడియో ఒకటి ఉందని కూడా వాడికి తెలియదు. మాక్ టెస్టు మార్కులు వచ్చిన రోజున భోజనాల దగ్గర నాన్న "నీ మొహానికి సీటు కూడానా" అన్నాడని మాత్రం చెప్పాడు. ఏ రోజున, ఏ సబ్జెక్టు మార్కులకు, ఎవరెవరి ముందు అన్నాడో కూడా చెప్పాడు.